ఏకగ్రీవ ప్రతిపక్షం

మూడు వేల మంది పనిచేసే గోనెసంచుల మిల్లులో ఇరవై రెండేళ్ళపాటు ఎవరికీ ఎవరితోనూ అభిప్రాయభేదం రాలేదంటే, అది ఆ మిల్లు గాలి మహిమైనా అయ్యుండాలి, యూనియన్ మహిమైనా అయ్యుండాలి. గాలి మహిమ అనడానికి వీల్లేదు. మగ్గాల షెడ్డులో అసలు గాలే లేదు. దుమ్ము బయటికి లాగడానికి గోడకి బిగించిన నాలుగు పెద్ద ఫ్యాన్లు మూడేళ్ళ కిందట ఆగిపోయాయి. ఒకదాంట్లో పిచ్చుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, ఆ పిల్లలకి పెళ్ళిళ్ళు కూడా చేసేశాయి. కనక ఆ మహిమ యూనియన్‌దే.

యూనియన్ అధ్యక్షులు గంగాధరంగారు. ఆయన మిల్లులో ఎన్నడూ పనిచేయలేదు. ఇరవై రెండేళ్ళ కిందట టౌన్‌ నుంచి ఒక ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చి, వేదిక దిగడం మరిచిపోయారు. గేటు ముందు నెలనెలా మామూలు సభ, రెండేళ్ళకోసారి మహాసభ జరిగేవి. కార్యదర్శి కూర్మారావు లేచి, "గంగాధరంగారే మళ్ళీ అధ్యక్షులు. అందరికీ సమ్మతమేనా?" అనేవాడు. "సమ్మతమే!" అని జనం చప్పట్లు కొట్టేవారు. రానురాను 'అందరికీ' అనగానే చప్పట్లు మొదలయ్యేవి. టీ చల్లారిపోతుందని తొందర. కూర్మారావు కూడా ముందుచూపున్న మనిషి. మర్నాటి సభ మినిట్సు, హర్షధ్వానాలతో సహా, ముందురోజే రాసి పెట్టుకునేవాడు.

దాలినాయుడు ఎనభై నాలుగో నంబరు మగ్గం మీద ఇరవై ఏళ్ళుగా నేస్తున్నాడు. మగ్గాలు ఆడుతుంటే షెడ్డులో పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడొక కట్టుబాటుంది. ఎవరి యంత్రం ఆగితే వాళ్ళు చెయ్యెత్తి నిలబడాలి. మిస్త్రీ వచ్చి బాగుచేసేదాకా ఆ చెయ్యి దించకూడదు. దించితే బాగైపోయిందనుకుని మిస్త్రీ ఇంకోవైపు పోతాడు. నోటితో పని లేని చోట ఇరవై ఏళ్ళు ఉన్న దాలినాయుడికి నోటితో పని చేయించడం చేతకాకుండా పోయింది. ఇంట్లో ఆ లోటు లేదు. ఇద్దరి పాలూ భార్య అసిరమ్మే మాట్లాడేది.

అసిరమ్మ అదే షెడ్డు మూలన గోనెలు కుట్టే మిషను మీద కూర్చుంటుంది. ఏడాదిగా ఆమెకి దగ్గు. మిల్లు డాక్టరు గొంతులో లైటేసి చూసి, "దుమ్ము తగ్గితే దగ్గు తగ్గుతుందమ్మా" అని తెల్లమాత్రలిచ్చాడు. ఆ మాత్రలకి దుమ్ము తగ్గలేదు.

"ఫేన్ల సంగతి మీటింగుల అడిగినావా, మావా?" అని అసిరమ్మ ప్రతి నెలా అడిగేది.

"వొచ్చే మీటింగుల అడుగుతానే" అని దాలినాయుడు ప్రతి నెలా చెప్పేవాడు.

అడగాలనే ఉండేది. రాత్రంతా ఆమె దగ్గుతుంటే పక్కన పడుకున్నవాడు లేచి మంచినీళ్ళిచ్చేవాడు. కానీ మర్నాడు సభలో లేవబోయేసరికి చుట్టూ చప్పట్లు. చప్పట్ల మధ్య లేచినవాణ్ణి ఎవరైనా సంతోషం పట్టలేక లేచాడనే అనుకుంటారు కదా.

అలాంటి రోజుల్లో రాష్ట్ర సమాఖ్య నుంచి పదిహేడో నంబరు సర్క్యులర్ వచ్చింది.

"అనుబంధ సంఘములన్నియు అంతర్గత ప్రజాస్వామ్యమును విధిగా కలిగియుండవలెను. ప్రతి సంఘమునందును కనీసము ఒక ప్రతిపక్షము ఉండవలెను. లేనిచో వెంటనే ఏర్పాటు చేసికొని, ఏర్పాటైన తేదీని దిగువ నమూనాలో తెలియజేయవలెను. ఉత్తమ ప్రజాస్వామ్య సంఘమునకు షీల్డు బహూకరింపబడును."

షీల్డు అన్న మాట దగ్గర గంగాధరంగారి కళ్ళజోడు ఆగిపోయింది. ఆయన గోడ మీద పన్నెండు సన్మానపత్రాలున్నాయి గాని షీల్డు లేదు. వెంటనే అత్యవసర సభ పిలిచారు.

"కార్మిక సోదర సోదరీమణులారా! మనకి జెండా ఉంది. ఆఫీసుంది. మైకుంది. లేనిదల్లా ప్రతిపక్షం ఒక్కటే. ఇరవై రెండేళ్ళు నాయకత్వం వహించి మీకొక ప్రతిపక్షాన్ని కూడా ఇవ్వలేకపోయానంటే అది నాకే మచ్చ. పోరాడి సాధించుకుందాం!"

చప్పట్లు.

"అయితే ప్రతిపక్షమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. నన్ను వ్యతిరేకించేవాడికి పదేళ్ళ విధేయత ఉండాలి. క్రమశిక్షణ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంతకుముందు నన్నెప్పుడూ వ్యతిరేకించి ఉండకూడదు. అలాంటివారికి పక్షపాతం ఉంటుంది."

ఈ అర్హతలు సభలో అందరికీ ఉన్నాయి. కానీ దాలినాయుడికున్నంతగా ఎవరికీ లేవు. అతను ఇరవై ఏళ్ళలో సభలో తుమ్మిన దాఖలా కూడా లేదని కూర్మారావు రికార్డు చూసి చెప్పాడు.

"ఎనభై నాలుగో మగ్గం దాలినాయుడు మన ప్రతిపక్షం. అందరికీ..."

చప్పట్లు మోగిపోయాయి. ఆ విధంగా అధ్యక్షుల్ని వ్యతిరేకించడానికి దాలినాయుడు ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. అధ్యక్షులే స్వయంగా దండ వేశారు. వేదిక మీద ఒక కుర్చీ కూడా వేయించారు. ప్రతిపక్షం అధ్యక్షులకన్నా ఎత్తుగా కనిపించడం బాగుండదని దాని కాళ్ళు రెండంగుళాలు కోయించారు.

దాలినాయుడు దండతోనే ఇంటికెళ్ళాడు. అసిరమ్మ ఆ దండని ఎగాదిగా చూసింది.

"అయితే ఇంక నువ్వడగొచ్చన్నమాట."

"అడగడవేనంట నా పని."

"మరింకేటి! ఫేన్లడుగు."

నిజమే, ఇంకేటి? దాలినాయుడికి పెళ్ళినాడు కూడా అంత సంతోషం కలగలేదు.

మర్నాడే విమర్శల నియమావళి చేతికొచ్చింది. విమర్శను సభకి వారం ముందు మూడు ప్రతుల్లో అధ్యక్షులకి సమర్పించాలి. అధ్యక్షులు పరిశీలించి, సవరించి, ఆమోదముద్ర వేస్తారు. ముద్ర లేని విమర్శ చెల్లదు. దాలినాయుడు పక్క మగ్గం వాడి చేత రాయించి తీసుకెళ్ళాడు. ఒక్కటే వాక్యం: 'మూడేళ్ళ బట్టి షెడ్డులో ఫ్యాన్లు తిరగడం లేదు, యూనియన్ అడగలేదు.'

గంగాధరంగారు చదివి, కళ్ళజోడు తీసి, జాలిగా చూశారు.

"నాయుడూ, ఇది విమర్శ కాదయ్యా. ఇది కోరిక. విమర్శ వేరు, కోరిక వేరు. కోరికలకి కోరికల ఉపసంఘం ఉంది."

"అలగే బాబూ. ఆ ఉపసంగంల ఎవులున్నారు?"

"ముగ్గురు సభ్యులు. చైర్మన్‌ని నేను, కన్వీనర్‌ని నేను, సభ్యుణ్ణి నేను. ముగ్గురికీ ఒకేసారి తీరిక చిక్కడం లేదు. అందుకే మూడేళ్ళుగా సమావేశం కాలేదు."

ఆ తర్వాత ఆయన కలం తీసి, ప్రతిపక్షానికి విమర్శ రాయడం రాదు గనక తానే రాసిచ్చారు. ఆ ఆదివారం సభలో దాలినాయుడు దాన్ని చదివాడు.

"అధ్యక్షులవారు తమ ఆరోగ్యమును బొత్తిగా లెక్కచేయక కార్మికులకై శ్రమించుచున్నారు. ఈ నిర్లక్ష్య వైఖరిని నేను తీవ్రంగా ఖండించుచున్నాను."

గంగాధరంగారు తల వంచుకుని, "ఈ విమర్శని శిరసావహిస్తున్నాను" అని, ఆత్మవిమర్శ చేసుకుని, వారం రోజులు విశ్రాంతికి కొండకి వెళ్ళొచ్చారు. తరవాత నెల విమర్శ ఇంకా పదునుగా ఉంది. అధ్యక్షులు తమ గొప్పతనాన్ని తక్కువగా చెప్పుకుంటూ సభ్యుల్ని తప్పుదోవ పట్టిస్తున్నారని అది ఆరోపించింది. దీని మీద విచారణ సంఘం వేశారు. ఆరోపణ నిజమేనని సంఘం తేల్చింది.

ప్రతి సభ అయ్యాక అసిరమ్మ గుమ్మంలోనే ఎదురయ్యేది.

"అడిగినావా?"

"ఖండించేసినానే, తీవ్రంగా."

"ఫేన్లు?"

"అది కోరికంట. వేరే ఖాతా."

"ఓలమ్మ! ఖాతా ఏదైతేనేటి, దగ్గు నాదే కదేటి!" అనేసి లోపలికి పోయేది. దాలినాయుడికి అన్నం సయించేది కాదు. మాట్లాడే కుర్చీ దొరికాక కూడా మాట్లాడలేకపోతున్నందుకు తన మీద తనకే ఒళ్ళుమంటగా ఉండేది. వట్టి సభ్యుడిగా ఉన్నప్పుడు నోరు లేదనుకునేవాడు. ఇప్పుడు నోరుంది, అది అద్దెకి పోయింది.

ఇంతలో ఇరవై మూడో నంబరు సర్క్యులర్ దిగింది. షీల్డు పోటీకి పరిశీలకులు స్వయంగా వస్తారనీ, వారి సమక్షంలో ఒక అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టి, చర్చించి, ఓటింగు జరిపి చూపవలెననీ అందులో ఉంది. గంగాధరంగారు జంకలేదు. అవిశ్వాస తీర్మానం కూడా తానే రాశారు. "సభ్యులందరి విశ్వాసాన్నీ ఒక్కరే పోగుచేసుకుని ఇతర నాయకులకేమీ మిగల్చకపోవడం" అన్నది మొదటి అభియోగం. తీర్మానం దాలినాయుడు పెట్టాలి. సభ దాన్ని ఓడించాలి. షీల్డు గోడ మీదికి రావాలి.

పరిశీలకులొచ్చే ముందురోజు రిహార్సల్ పెట్టారు. చిక్కంతా అక్కడొచ్చింది.

"తీర్మానం చదవగానే కూర్మారావు 'అందరికీ సమ్మతమేనా' అంటాడు. మీరు 'కాదు' అనాలి. తెలిసిందా? ఏమనాలి?" అని గంగాధరంగారు అడిగారు.

"కాదు!" అన్నారు జనం.

"భేష్. కూర్మారావూ, కానీ."

"ఈ అవిశ్వాస తీర్మానం అందరికీ..."

"సమ్మతమే!" చప్పట్లు.

"అయ్యో! కాదు అనాలయ్యా. అర్థమైందా?"

"అర్థమైనాది బాబూ."

"మళ్ళీ. కూర్మారావూ!"

"ఈ తీర్మానం అందరికీ..."

"సమ్మతమే!"

తొమ్మిదిసార్లు చేశారు. తొమ్మిదిసార్లూ గంగాధరంగారు ఏకగ్రీవంగా పదవి పోగొట్టుకున్నారు. పాపం, జనం తప్పు కాదు. ఇరవై రెండేళ్ళు ఒకే మాట అలవాటు చేసిన నాలుక ఒక్క పూటలో తిరగదు. పదోసారి ముందు వరసలో నలుగురు "కాదు" అని గొణిగారు. "చాలు, మిగతావాళ్ళకి రేపు అదే వస్తుంది" అని గంగాధరంగారు చెమట తుడుచుకున్నారు. కూర్మారావు అప్పటికే 'తీర్మానము భారీ మెజారిటీతో వీగిపోయినది' అని మినిట్సు రాసేసి సంతకం పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం పరిశీలకులు విశ్వంభరంగారు వచ్చారు. సన్నగా, ఒక ఫైలుతో వచ్చారు. కారు డిక్కీలో షీల్డు ఉంది. దాని మీద గంగాధరంగారి పేరు ముందే చెక్కించి ఉంది. సమాఖ్యలోనూ ముందుచూపున్న కార్యదర్శులున్నారు.

దాలినాయుడు కురచ కుర్చీ మీంచి లేచాడు. ముద్ర పడిన కాయితం చేతిలో ఉంది. మొదటి అభియోగం చదివాడు, రెండోది చదివాడు. మూడోది మొదలుపెట్టబోతుంటే ఆడవాళ్ళ వరసలోంచి దగ్గు వినబడింది. ఎవరిదో చూడక్కర్లేదు. ఆ దగ్గు ఎక్కడున్నా అతను గుర్తుపడతాడు. కాయితం మీద అక్షరాలు అలుక్కుపోయాయి. అతను కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బాబూ, నాకు రాసిచ్చింది ఇంకా ఉన్నాది గానీ అది నాది కాదు. నాదొక్కటే ఉన్నాది. మూడేళ్ళయినాది, షెడ్డుల ఫేన్లు తిరగనేదు. మనోల్లు దుమ్ము తింతన్నారు. ఈ బాబు ఒక్క పాలి కూడా షెడ్డులోకి ఒచ్చి సూణ్ణేదు. అందుకే నాకీయన మీద ఇశ్వాసం నేదు. అంతే."

అనేసి కూర్చున్నాడు. చప్పట్లు రాలేదు. కూర్మారావుకి ఇలాంటి నిశ్శబ్దంతో పరిచయం లేదు. కంగారులో తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాడు.

"అందరికీ..."

"సమ్మతమే!"

ఆ చప్పట్లకి గేటు మీద కాకులు లేచిపోయాయి. అది ఇరవై రెండేళ్ళ అలవాటో, మూడేళ్ళ దుమ్మో ఈనాటికీ తేలలేదు. ముందు వరసలో నిన్న "కాదు" అన్న నలుగురు కూడా అరిచారన్నది మాత్రం నిజం.

"ఇది చెల్లదు! మినిట్సు చూడండి! తీర్మానం వీగిపోయిందని మినిట్సులో ఉంది!" అని గంగాధరంగారు లేచారు.

విశ్వంభరంగారు పుస్తకం తెప్పించి చదివారు. "దీని ప్రకారం సభ సాయంత్రం ఐదు గంటలకి జాతీయగీతంతో ముగిసింది. ఇప్పుడు నాలుగుంపావు. కార్యదర్శిగారూ, జరగని సభకి మినిట్సు ఉన్నాయి. జరిగిన సభకి లేవు. కొట్టేసి మళ్ళీ రాయండి."

కూర్మారావు కలం పట్టుకున్నాడు.

"జరిగింది రాయడం నాకలవాటు లేదు సార్" అన్నాడు దీనంగా.

"మెల్లగా వస్తుంది. రాయండి. అధ్యక్షుడి మీద ఏకగ్రీవ అవిశ్వాసం! నా సర్వీసులో చూడలేదు. ప్రక్రియ పరిపూర్ణం. షీల్డు మీకే!" అని విశ్వంభరంగారు దాన్ని డిక్కీలోంచి తెప్పించి, పేరు చెక్కి ఉంది గనక గంగాధరంగారి చేతికే ఇచ్చారు. ఆయన ఓ చేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఇంకో చేత్తో షీల్డుని ఫోటోకి కాస్త ఎత్తి పట్టుకున్నారు.

అధ్యక్షుడు లేని యూనియన్ ఉండకూడదు గనక అక్కడికక్కడే దాలినాయుడు అధ్యక్షుడయ్యాడు. ప్రతిపక్షం లేని యూనియన్ అసలే ఉండకూడదు గనక గంగాధరంగారు ప్రతిపక్షమయ్యారు. రెండూ ఏకగ్రీవమే. ఆయన కురచ కుర్చీలో కూర్చుని, మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే, ఈ కాళ్ళు కోయించిన వెధవెవడా అని ఆలోచనలో పడ్డారు.

ఇక్కడితో అయిపోతే కథ సుఖాంతమే. కానీ కుర్చీ అన్నది కుర్చీయే కదా.

అధ్యక్షుడయ్యాక మొదటి సభ వచ్చేసరికి దాలినాయుడికి మూడు దండలు పడ్డాయి. టౌన్‌లో ఒక ప్రారంభోత్సవానికి పిలుపొచ్చింది. ఎత్తు కుర్చీ మెత్తగా ఉంది. కూర్మారావు పాత అలవాటు కొద్దీ చెవిలో, "వచ్చే వారం మినిట్సు రాసి ఉంచమంటారా?" అని అడిగితే, అతను చటుక్కున వద్దనలేకపోయాడు. ఎవరో షెడ్డు సంగతి ఎత్తారు. దాలినాయుడు గొంతు సవరించుకున్నాడు. తన నోట్లోంచి వచ్చే మాటలు తన చెవులకే కొత్తగా వినిపించాయి.

"ఆ విషయం కోరిక కిందికి వస్తుంది సోదరులారా. ఉపసంఘం పరిశీలిస్తుంది. ఇక మన కార్యవర్గాన్ని అభినందిస్తూ ఒక తీర్మానం. అందరికీ..."

"సమ్మ..." అని జనం అందుకోబోయి ఆగిపోయారు.

ఆడవాళ్ళ వరసలో ఒక చెయ్యి లేచి ఉంది. అసిరమ్మది. నోటితో ఏమీ అనడం లేదు. ఊరికే చెయ్యెత్తి నిలబడింది, మిషను ఆగిపోయినప్పుడు షెడ్డులో నిలబడ్డట్టు.

"ఏటే?" అన్నాడు అధ్యక్షుడు, అధ్యక్షుడన్న సంగతి మరిచిపోయి.

ఆమె చెయ్యి దించలేదు. సభ ముగిసింది, చెయ్యి దిగలేదు. ఆ చేత్తోనే బజారులోంచి ఇంటికి నడిచింది. ఎడం చేత్తో అన్నం వార్చింది, వడ్డించింది. కుడిచెయ్యి నొప్పెడితే ఎడంచెయ్యి ఎత్తేది. రెండూ ఒక్కసారి దించేది కాదు.

"ఓలే, నలుగురూ నవ్వుతన్నారే. దించు" అని దాలినాయుడు బతిమాలాడు.

"మిస్త్రీ రానేదు" అంది అసిరమ్మ.

మర్నాడు షెడ్డులో ఆమె పక్క మిషను మీది మనిషి చెయ్యెత్తింది. మధ్యాహ్నానికి కుట్టే వరసంతా ఎత్తింది. మూడో రోజుకి మగ్గాలవాళ్ళు అందుకున్నారు. ఒంటిచేత్తో ఆడించే మగ్గాలు సగం ఆగాయి. ప్రతిపక్షం గంగాధరంగారు ఇదేమిటో చూద్దామని వచ్చి, జీవితంలో మొదటిసారి షెడ్డులో అడుగుపెట్టి, రెండు నిమిషాలు దగ్గి, బయటికొచ్చి, 'ఫ్యాన్లు తిరుగుట లేదు' అని మూడు ప్రతుల్లో విమర్శ రాసి, నియమం ప్రకారం ఆమోదముద్ర కోసం దాలినాయుడికి సమర్పించారు.

ఆ కాయితం చదివేసరికి దాలినాయుడికి తల కొట్టేసినట్టయింది. ముద్ర వేయలేదు. కాయితం పట్టుకుని తిన్నగా మేనేజరు గదికి నడిచాడు.

"ఫ్యాన్లా? మూడేళ్ళుగా యూనియన్ నుంచి ఒక్క ఉత్తరమైనా రాలేదే! మీకు అక్కర్లేదేమో అనుకున్నాం" అన్నాడు మేనేజరు. అలా అన్నాడు గాని, కిటికీలోంచి ఆగిన మగ్గాల్నీ ఎత్తిన చేతుల్నీ చూస్తూనే ఉన్నాడు. ఎన్నాళ్ళకని అడిగితే పదకొండు రోజులన్నాడు. దాలినాయుడు ఆ మాట కాయితం మీద రాయించుకుని, దాన్ని గేటుకి అతికించాడు. అది చూశాక అందరూ చేతులు దించారు, అసిరమ్మ తప్ప.

పదకొండో రోజు పొద్దున్న పిచ్చుకల కాపురాన్ని జాగ్రత్తగా ఒక బుట్టలోకి మార్చి, గోడౌను చూరుకి వేలాడదీశారు. మిస్త్రీ స్విచ్చు వేశాడు. నాలుగు ఫ్యాన్లూ మూలిగాయి, ఒళ్ళు విరుచుకున్నాయి, తిరిగాయి. షెడ్డులో గాలి కదిలింది. మూడేళ్ళ దుమ్ము మబ్బులాగా లేచి గోడ దాటి పోయింది. అవతలి చివర ఉన్నవాళ్ళ ముఖాలు కనిపించాయి. దాలినాయుడికి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అసిరమ్మ గట్టిగా ఊపిరి పీల్చి, వదిలి, చెయ్యి దించింది.

ఆ ఆదివారం సభలో కూర్మారావు ఖాళీ మినిట్సు పుస్తకం ముందు పెట్టుకుని కలం సిరాలో ముంచాడు. దాలినాయుడు లేచాడు. 'అందరికీ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఎవులికైనా కాదని ఉన్నాదేటి?" అని అడిగాడు.

మగ్గాల వరసలో ఒక చెయ్యి లేచింది. ఆ వెనక రెండు. క్యాంటీన్ పక్కన అయిదో ఆరో. గంగాధరంగారు కురచ కుర్చీలోంచి, ఈ కుర్చీ కాళ్ళ విషయమై రెండు చేతులూ ఎత్తారు. అందరికన్నా ఎత్తుగా, నిన్నమొన్న దించిన చెయ్యే, ఖాళీగా పడున్న మంచినీళ్ళ డ్రమ్ము వైపు చూపిస్తూ అసిరమ్మది.

కూర్మారావు కలం గాల్లో ఆగిపోయింది.

"ఎన్నని రాయమంటారు?" అని చెవిలో అడిగాడు.

దాలినాయుడు వేలు చూపిస్తూ ముందు వరసలోంచి లెక్కపెట్టడం మొదలెట్టాడు.

"ఉన్నన్ని రాయి బాబూ" అన్నాడు.